గని కంపెనీ ఫిర్యాదు విని మౌనంగా ఉంటే

బ్లాస్టింగ్‌తో ఇళ్ల గోడలు బీటలు వారాయని కంపెనీ మనిషికి నోటిమాటగా చెప్పారు, నాలుగు నెలలైనా ఉలుకూ పలుకూ లేదు అన్నారు కదండీ. చిక్కంతా ఆ నోటిమాటతోనే. రిజిస్టర్‌లోకి ఎక్కని ఫిర్యాదు కంపెనీ లెక్కలో లేనట్టే.

ముందు కాగితం మీద పెట్టండి. ఇంటికొక ఫిర్యాదు, రెండేసి ప్రతులు. మీ ప్రతి మీద తేదీ, రిజిస్టర్ నంబరు, తీసుకున్నవాళ్ల సంతకం వేయించుకోండి. బీట పక్కన స్కేలు ఆనించి ఫొటో తీయండి. బీట రెండు కొసల దగ్గరా పెన్సిల్‌తో అడ్డగీత గీసి తేదీ వేస్తే, తర్వాతి పేలుడుకు అది ఎంత సాగిందో కంటికే కనిపిస్తుంది. పేలుడు జరిగిన తేదీ, సమయం రాసిపెట్టుకుని, ఆ సమయానికి కంపెనీ తీసిన కంపనాల రీడింగులు అడగండి. పేలుళ్లు మొదలుకాకముందు ఇళ్ల సర్వే చేసి ఉంటే దాని నకలూ అడగండి. ‘ఇవి పాత బీటలే’ అన్న వాదన నిలుస్తుందో లేదో అక్కడే తేలుతుంది.

పరిహారం ఇస్తామంటే కాగితం చివరిదాకా చదవండి. ‘ఇకపై కోర్టుకు వెళ్లం’ అన్న వాక్యం ఉంటే లాయరుకు చూపించనిదే సంతకం పెట్టొద్దు, దయచేసి. వ్యాపారం, మానవ హక్కులపై 2011 నాటి ఐక్యరాజ్యసమితి మార్గదర్శక సూత్రాల్లో 29వ దాని వివరణ ఈ విషయంలో స్పష్టంగా ఉంది: కంపెనీ సొంత ఫిర్యాదు వ్యవస్థ కోర్టు దారి మూయకూడదు.

అప్పటికీ కదలకపోతే గనికి డబ్బు ఎవరిచ్చారో ఆరా తీయండి. ప్రపంచ బ్యాంకు గ్రూపులో ప్రైవేటు కంపెనీలకు అప్పులిచ్చే ఐఎఫ్‌సీ సంస్థ అప్పు ఉంటే, ఫిర్యాదులు చూసే సీఏఓ కార్యాలయానికి మీ భాషలోనే రాయొచ్చు. పేర్లు గోప్యంగా ఉంచమని కూడా కోరవచ్చు.