ఖండించిందా, తోసిపుచ్చిందా?

సందేహం: ‘వెస్ట్ బ్యాంక్‌లో సెటిలర్ల దాడులు: ఖండించిన ఇజ్రాయెల్’ అనే శీర్షిక చదివాను. దాడులు తప్పని అందా, అసలు జరగలేదని అందా? ఇంకోటి, మా నాన్నగారు గుంటూరు నుంచి వచ్చి బోధన్ దగ్గర స్థిరపడ్డారు. మమ్మల్నీ సెటిలర్లనే అంటారు. ఇద్దరికీ ఒకే మాటా? – ఒక పాఠకుడు, నిజామాబాద్

సమాధానం: శీర్షిక చూసి నాకూ తెలియలేదండీ. ఖండించడమంటే మొదట నరకడం. ఆ ఒక్క కత్తితో మనం రెండు పనులు చేయిస్తున్నాం. ‘ఆరోపణలను మంత్రి ఖండించారు’ అంటే కాదన్నారని. ‘హత్యను ఖండించారు’ అంటే తప్పుపట్టారని. పక్కమాట సాయంతో ఇన్నాళ్లూ నెట్టుకొచ్చాం. మీరు పంపిన శీర్షికలో ఆ సాయమూ లేదు. కాదన్నప్పుడు ‘తోసిపుచ్చింది’ అని రాస్తే గొడవే ఉండదు.

దేశాలు ఏం చేసినా ‘ఖండించాయి’ అని రాసేయడం ఇంకో అలవాటు. దౌత్యంలో ఆందోళన ఒక మెట్టు, ఖండన దాని పైమెట్టు, ఆంక్షలు ఆ పైది. 2025 జూన్ 10న బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, నార్వే కలిసి ఇజ్రాయెల్ మంత్రులు బెన్ గ్విర్, స్మోట్రిచ్‌ల మీద ఆంక్షలు పెట్టాయి. పాలస్తీనీయులపై హింసను రెచ్చగొడుతున్నారన్నది కారణం. దాన్నీ ‘ఖండన’ అంటే పై మెట్టెక్కినవాణ్ణి కిందికి లాగినట్టే.

‘గైర్హాజరు’ సంగతీ ఇంతే. ఆక్రమిత పాలస్తీనా నేల మీద ఇజ్రాయెల్ కట్టిన సెటిల్‌మెంట్లకు చట్టపరంగా చెల్లుబాటు లేదన్న ఐక్యరాజ్యసమితి భద్రతామండలి 2334వ తీర్మానం 2016 డిసెంబర్ 23న 14 ఓట్లతో నెగ్గింది. అమెరికా గైర్హాజరైందని రాస్తే పొరపాటు. దాని ప్రతినిధి సమంతా పవర్ సభలోనే కూర్చుని, ఓటు వేయనివారెవరని అడిగినప్పుడు చెయ్యెత్తారు. వీటో చేతిలో ఉండీ వాడకపోవడమే ఆ రోజు వార్త. ‘ఓటుకు దూరంగా ఉంది’ అనాలి.

ఇక మీ నాన్నగారు. నిజాంసాగర్ నీళ్లు పారే చోట భూమి కొనుక్కుని, అక్కడి క్యాంపుల్లో ఇల్లు కట్టుకున్నవారికి మన జనం పెట్టిన పేరు సెటిలర్. వెస్ట్ బ్యాంక్ 1967 యుద్ధంలో ఇజ్రాయెల్ చేజిక్కించుకున్న నేల. అక్కడ స్థిరపడిన ఇజ్రాయెల్ పౌరులే ఆ శీర్షికలోని సెటిలర్లు. ఆక్రమించిన ప్రాంతంలోకి సొంత పౌరులను తరలించకూడదని 1949 నాటి నాలుగో జెనీవా ఒప్పందంలోని 49వ అధికరణం చెబుతుంది. అది తమకు వర్తించదని ఇజ్రాయెల్ వాదన. వర్తిస్తుందని అంతర్జాతీయ న్యాయస్థానం 2024 జులై 19న సలహాపూర్వక అభిప్రాయం ఇచ్చింది. మాట ఒకటే, కింద నేల వేరు. అందుకని మొదటిసారి ‘ఇజ్రాయెలీ సెటిలర్లు’ అని పూర్తిగా రాయాలి.

‘స్థావరాలు’ అంటే సైన్యమో ఉగ్రవాదులో గుర్తొస్తారు. ‘సెటిల్‌మెంట్’ అంటే మన ఊళ్లలో భూదందా పంచాయితీ. నేనైతే ‘ఆక్రమిత ప్రాంతంలోని ఇజ్రాయెలీ ఆవాసాలు’ అంటాను. శీర్షికలో పట్టదని ఉపసంపాదకులు నన్ను తిట్టుకుంటారు, తెలుసు.