పిల్లలు నిజం చెప్పేలా అడగడం కూడా ఒక ఉద్యోగమే

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ ఫైనలియర్. న్యూట్రిషన్ ఒక సబ్జెక్టు. దసరా సెలవులకు ముందు ఒక సర్వే పనికి వెళ్లింది. చుట్టుపక్కల హైస్కూళ్లలో పిల్లల తిండి, గుట్కా, సెల్‌ఫోన్ అలవాట్ల మీద వివరాలు రాసుకొచ్చింది. అప్పటి నుంచి బీఎడ్ వద్దు, ఇందులోనే పరిశోధన చేస్తానంటోంది. దీనికి ఉద్యోగాలుంటాయా? ఆడపిల్ల ఊరూరా తిరిగి పిల్లల్ని మందు తాగుతారా, సిగరెట్ కాలుస్తారా అని అడగడం మాకు ఇబ్బందిగా ఉంది. అడిగితే లేనిపోని ఆలోచనలు పుట్టవా? ఏ కోర్సు, ఎక్కడ చేయాలి?
– ఒక తండ్రి, నల్గొండ జిల్లా

జవాబు: నమస్తే అండీ. ఉద్యోగాల సంగతి తర్వాత చెబుతాను. ముందు మీ ఇబ్బంది సంగతి చూద్దాం. అది తీరకపోతే ఏ కోర్సు పేరు చెప్పినా మీకు రుచించదు.

అడిగితే ఆలోచన పుడుతుందేమోనన్న భయం మీ ఒక్కరిదే కాదు, ప్రతి హెడ్‌మాస్టరుకూ ఉంటుంది. 2005లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో ఆరు హైస్కూళ్లలో దీన్నే పరీక్షించి చూశారు. దాదాపు 2,300 మంది పిల్లల్లో సగం మందికి ఆత్మహత్య ఆలోచనల గురించి సూటి ప్రశ్నలిచ్చారు, మిగతా సగం మందికి ఇవ్వలేదు. రెండు రోజుల తర్వాత చూస్తే ప్రశ్నలు చదివినవాళ్లలో ఆ ఆలోచనలూ పెరగలేదు, దిగులూ పెరగలేదు. అప్పటికే కుంగిపోయి ఉన్న పిల్లలకు ఎవరో ఒకరు అడగడం కొంత ఊరటనిచ్చినట్టు కూడా కనిపించింది. అంత సున్నితమైన విషయమే అలా తేలింది. ఇక గుట్కా గురించి అడిగితే గుట్కా తింటారని బెంగపడక్కర్లేదు. అది పాన్ డబ్బాలో ఎక్కడ వేలాడుతుందో పిల్లలకు మనకంటే బాగా తెలుసు.

ఇప్పుడు మీ అమ్మాయికి నచ్చిన పని ఏమిటో చూద్దాం. కౌమారంలో మొదలై పెద్దయ్యాక ప్రాణం మీదికి తెచ్చే అలవాట్లను లెక్కపెట్టడం, అవి ఎందుకు మొదలవుతాయో కనుక్కోవడం. పొగాకు, మద్యం, మత్తుమందులు, గొడవలు, హెల్మెట్ లేని బండి, తిండి, ఆటలు లేకపోవడం, లైంగిక ప్రవర్తన – అన్నీ ఇందులోకే వస్తాయి. అమెరికాలో ప్రజారోగ్య సంస్థ సీడీసీ దీనికోసం 1990లో ఒక నిఘా వ్యవస్థ పెట్టి, 1991 నుంచి రెండేళ్లకోసారి హైస్కూలు పిల్లలను అడుగుతోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003 నుంచి ఇలాంటి స్కూలు సర్వేనే చాలా దేశాల్లో జరిపిస్తోంది. మన దగ్గర 2007లో సీబీఎస్ఈ స్కూళ్లలో చేశారు. పొగాకు మీద ప్రత్యేకంగా ముంబైలోని జనాభా అధ్యయన సంస్థ ఐఐపీఎస్ 2019లో 987 స్కూళ్లలో 97,302 మంది పిల్లలతో సర్వే చేసింది. 13–15 ఏళ్ల వాళ్లలో 8.5 శాతం మంది అప్పటికే ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారని తేలింది. యాభై మంది ఉన్న తొమ్మిదో తరగతి గదిలో ఇది నలుగురి లెక్క.

మన తెలుగు నేల మీదే ఇంకా పెద్ద పని జరిగింది. ‘యంగ్ లైవ్స్’ అనే అధ్యయనం 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు మూడు వేల మంది పిల్లలను ఎంచుకుని, వాళ్లనే మళ్లీ మళ్లీ కలుస్తూ వచ్చింది. కొందరు 1994–95లో పుట్టినవాళ్లు, ఎక్కువమంది 2001–02లో పుట్టినవాళ్లు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపిన ఈ పనిలో హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సెస్ కూడా భాగస్వామి. చిన్నవాళ్లు చంకలో ఉన్నప్పుడు మొదలుపెట్టి, వాళ్ల చదువులూ పెళ్లిళ్లూ దాకా రాసుకున్నారు. 2001–02లో పుట్టిన ఆ బ్యాచ్ ఇప్పుడు మీ అమ్మాయికి అక్కలూ అన్నలూ అయ్యే వయసు. రాష్ట్రం రెండయింది గానీ ఆ జాబితా చెదరలేదు.

ఈ పనిలో నైపుణ్యమంతా నిజం రాబట్టడంలో ఉంది. ఒకసారి ఒక జూనియర్ కాలేజీలో మత్తు అలవాట్ల సర్వే జరుగుతుంటే నేనూ వెనక కూర్చున్నాను. కాగితాల మీద పేర్లు రాయొద్దన్నారు, బాగానే ఉంది. కానీ లెక్చరర్ గారు చేతులు వెనక్కి కట్టుకుని బెంచీల మధ్య తిరుగుతూనే ఉన్నారు. ఆ రోజు ఆ గదిలో సిగరెట్ ముట్టినవాడు ఒక్కడూ లేడు! బయట ప్రహరీ పక్కన రాలిన పీకలు ఎవరివో మరి.

గొప్పలకు పోయి లేనిది రాసేవాళ్లూ ఉంటారు. ఐరోపా దేశాల స్కూలు సర్వేలో దీనికో తమాషా ఉపాయం ఉంది. ప్రశ్నావళిలో మత్తుమందుల పేర్ల మధ్య ‘రెలెవిన్’ అని ఒకటి పెట్టారు. అలాంటి మందే లోకంలో లేదు. అది కూడా వాడానని టిక్కు పెట్టినవాడి మిగతా జవాబులను ఎంతవరకు నమ్మాలో పరిశోధకులకు అర్థమైపోతుంది. ఇది విన్నప్పుడు మీ అమ్మాయి కళ్లు మెరిస్తే ఆమె ఈ పనికి పనికొస్తుందని నా లెక్క.

అలాగని ఇష్టమొచ్చినట్టు అడగడం కుదరదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం ముందు పరిశోధనలో నైతికతను చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి. మైనర్లయితే తల్లిదండ్రుల సమ్మతితో పాటు, 12 ఏళ్లు దాటిన పిల్లల దగ్గర విడిగా రాతపూర్వక అంగీకారం తీసుకోవాలి. మాటల్లో ఏ పిల్లో తన మీద లైంగిక దాడి జరిగిందని చెబితే పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం కింద దాన్ని అధికారులకు తెలపాల్సిందే. గోప్యంగా ఉంచుతామన్న మాటకూ ఈ చట్టానికీ మధ్య నలిగే సందర్భాలు వస్తాయి. అందుకే మంచి బృందాలు ఫీల్డుకు పంపేముందు రోజుల తరబడి శిక్షణనిస్తాయి. మీ అమ్మాయిని అడగండి: మొన్నటి సర్వేలో ఎన్ని రోజుల శిక్షణ ఇచ్చారు, సమ్మతి పత్రాలు చూపించారా? రెండూ లేవంటే అలాంటి సంస్థ దగ్గరకు మళ్లీ పంపొద్దు.

ఉద్యోగాలంటారా, ఉన్నాయి. కాకపోతే మొదటి నాలుగైదేళ్లు ప్రాజెక్టు కాంట్రాక్టులే. ప్రాజెక్టు అయిపోతే ఇంకోటి వెతుక్కోవాలి. ఈ మాట దాచి పొగిడే కౌన్సెలర్లను నమ్మకండి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, హైదరాబాద్‌లోని ప్రజారోగ్య విద్యాసంస్థ ఐఐపీహెచ్, స్వచ్ఛంద సంస్థలు, సర్వే ఏజెన్సీలు మనుషులను తీసుకుంటూ ఉంటాయి. 2014లో మొదలైన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం కింద కౌమార క్లినిక్కులలో కౌన్సెలర్ పోస్టులూ ఉన్నాయి. స్థిరపడాలంటే పీహెచ్‌డీ దాకా వెళ్లాలి. యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు, పైన ఇంటి అద్దె భత్యం. చదువుకుంటూ సంపాదించినట్టే.

కోర్సు విషయంలో నా మొగ్గు ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ) వైపు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఉంది, ఐఐపీహెచ్‌లో ఉంది, ఇంకొంచెం దూరం పంపగలిగితే తిరువనంతపురంలోని శ్రీచిత్ర వైద్య సంస్థలో ఉంది. జనాభా లెక్కలు, పెద్ద సర్వేల మీద మనసుంటే ఐఐపీఎస్. అర్హతలు ఏటా నోటిఫికేషన్‌లో చూసుకోవాలి. దూరవిద్యలో సైకాలజీ ఎమ్మెస్సీ చేయిస్తే చాలని ఎవరైనా అంటే మాత్రం వద్దంటాను. ఫీల్డు లేని చదువుతో ఈ రంగంలో తలుపు తెరుచుకోదు.

అసలు చిక్కు ఇంకోటుంది. మీ అమ్మాయి లెక్కలంటే భయంతోనే బైపీసీ తీసుకుని ఉంటుంది. ఈ దారిలో అదే లెక్క ఎదురొస్తుంది. పిల్లలతో కలిసిపోయే గుణం చాలామందిలో ఉంటుంది. వాళ్లు చెప్పినదాంట్లోంచి నమ్మదగిన అంకె తీయగలిగినవాళ్లు తక్కువ, జీతం ఉన్నది అక్కడే. కాబట్టి ఈ ఆరు నెలలూ ఒక పని చేయించండి. గణాంకాలు విశ్లేషించే ‘ఆర్’ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. అమెరికా సర్వే సమాచారం సీడీసీ వెబ్‌సైట్‌లో ఎవరైనా దింపుకోవచ్చు. యంగ్ లైవ్స్ సమాచారం కూడా పేరు నమోదు చేసుకుంటే బ్రిటన్‌లోని డేటా ఆర్కైవ్ ఇస్తుంది. మన జిల్లాల పిల్లల గురించి తనకు తోచిన ఒక చిన్న ప్రశ్న తీసుకుని అందులో జవాబు వెతకమనండి. పొద్దున టిఫిన్ తినకుండా బడికెళ్లే పిల్లలు ఎవరు, అలాంటిది. విసుగొచ్చి వారంలో వదిలేస్తే బీఎడ్ ఉండనే ఉంది. రాత్రి పదకొండుకు కూడా దానిముందే కూర్చుంటే ఎంపీహెచ్ దరఖాస్తు పెట్టించండి.

బీఎడ్ ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్ ఫీజు మాత్రం ఈలోగా కట్టేయండి. రెండు దారులూ తెరిచి ఉంచడానికి అయ్యే ఖర్చు కొన్ని వందలే.