ఆ మాంటిల్ కార్డును ముందు స్కేలుతో కొలవండి

ప్రశ్న: వాణిజ్య నౌకల్లో పనిచేసిన మా పెదనాన్నగారు అమెరికా రేవుల నుంచి తెచ్చిన, ఆటగాళ్ల బొమ్మలు అచ్చువేసిన బేస్‌బాల్ కార్డులు సుమారు మూడు వందలు మా ఇంట్లో ఒక రేకు డబ్బాలో రబ్బరు బ్యాండ్లు వేసి ఉన్నాయి. చాలావరకు 1988-1991 నాటివి. ఒకటి మాత్రం 1952 నాటి, ప్రసిద్ధ అమెరికన్ ఆటగాడు మికీ మాంటిల్ కార్డులా ఉంది. అలాంటిది కోట్లు పలికిందని విన్నాను. వీటికి లామినేషన్ చేయించి అమ్మవచ్చా?
– ఒక పాఠకుడు, పెదవాల్తేరు, విశాఖపట్నం

జవాబు: దయచేసి లామినేషన్ చేయించకండి. చేయించిన మరుక్షణం సేకర్తలు దానిని పాడైన కార్డుగానే చూస్తారు.

మీరు విన్నది నిజమే. ఈ కార్డులు అచ్చువేసే టాప్స్ కంపెనీ 1952లో వేసిన మాంటిల్ కార్డు ఒకటి 2022 ఆగస్టులో వేలంలో 1.26 కోట్ల డాలర్లు పలికింది. అయితే ఆ ధర కేవలం పాతదనానికి వచ్చింది కాదు. 1952లో మాంటిల్ కార్డు ఉన్న చివరి విడత కార్డులు ఆటల కాలం ముగిసే వేళకు దుకాణాలకు చేరడంతో అమ్ముడుపోక గోదాములో మిగిలిపోయాయనీ, 1960లో వాటిని పడవకెక్కించి అట్లాంటిక్ సముద్రంలో పారబోయించామనీ ఆ కార్డుల రూపకర్త సై బెర్గర్ స్వయంగా చెప్పారు. అమ్ముడైనవాటిని కూడా పిల్లలు సైకిల్ చక్రాల పుల్లలకు తగిలించి, జేబుల్లో కుక్కి నలిపేశారు. మూలలు అరగకుండా, బొమ్మ నాలుగు అంచులకూ సరిసమానంగా కుదిరి మిగిలినవి బహు తక్కువ కనుకనే, స్థితిని బట్టి ఇచ్చే గ్రేడులో పదికి తొమ్మిదిన్నర పొందిన ఆ కార్డుకు అంత ధర వచ్చింది.

1988-1991 కార్డుల కథ దీనికి పూర్తిగా విరుద్ధం. కంపెనీలు విపరీతంగా అచ్చువేశాయి, ధర పెరుగుతుందన్న ఆశతో జనమూ వాటిని భద్రంగా దాచుకున్నారు. వాటిపై పెద్దగా ఆశ పెట్టుకోవద్దని చెప్పడం నాకు కష్టంగానే ఉన్నా, చెప్పక తప్పదు.

ఇక మీ మాంటిల్ కార్డు పొడవు కొలవండి. అసలుది మూడుముప్పావు అంగుళాలు ఉంటుంది. టాప్స్ వారే 1983లో ఆ కార్డులను మళ్ళీ ముద్రించారు. అవి మూడున్నర అంగుళాలే, వెనుకవైపు పునర్ముద్రణ అని ఆంగ్లంలో రాసి ఉంటుంది. కొలత సరిపోయినంత మాత్రాన అది అసలుదని తేలిపోదు, నకిలీలూ ఉన్నాయి.

రబ్బరు బ్యాండ్లు ఈ రోజే తీసేయండి. అవి అంచుల్లో గాట్లు పెడతాయి, ఎండితే అట్టకు అతుక్కుంటాయి. మన సముద్రపు గాలి చెమ్మకు అట్ట వంగి బూజు పడుతుంది కాబట్టి, ఒక్కో కార్డును ప్లాస్టిక్ తొడుగులో ఉంచి, డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి, గోడకు ఆనని అలమరలో పెట్టండి. తడిగుడ్డతో తుడవడం, మూలలు కత్తిరించి సరిచేయడం అసలే వద్దు. మాంటిల్ కార్డు కొలత సరిపోతే, కార్డు అసలుదా కాదా, ఏ స్థితిలో ఉందో తేల్చే గ్రేడింగ్ సంస్థ పరీక్షించి చెప్పేవరకు ఎవరు ఎంత ధర చెప్పినా దానిని చేయి దాటనివ్వకండి.