ట్రేడ్ గడువులోపు ఏ జట్టు కొనాలి, ఏది అమ్మాలి?
మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో జట్లు సీజన్ మధ్యలో ఒక గడువులోపే ఆటగాళ్లను మార్చుకోగలవు. అప్పుడు గెలుపు కోసం ఆటగాళ్లను తెచ్చుకోవడమే కొనడం, ఉన్నవాళ్లను ఇచ్చి భవిష్యత్తు కోసం కుర్రాళ్లను తీసుకోవడమే అమ్మడం. ఇది తేల్చుకోవడానికి పట్టికలో స్థానం ఒక్కటే చూస్తే చాలదు. ఇందులోని రెండు లీగుల్లో ఒక్కో లీగ్‌ నుంచి 6 జట్లు ప్లేఆఫ్స్‌కి వెళ్తాయి. చివరి బెర్తుకు రెండు మూడు ఆటల దూరంలో ఉండి, చేసిన పరుగులు ఇచ్చినవాటికన్నా ఎక్కువుంటే కొనాలి. 2021లో అట్లాంటా జట్టు ఓటములే ఎక్కువున్న దశలో నలుగురు అవుట్‌ఫీల్డర్లను తెచ్చుకుని వరల్డ్ సిరీస్ (ఫైనల్) గెలిచింది.

పరుగుల లెక్క కూడా మైనస్‌లో ఉంటే ఆశ పెట్టుకోకుండా అమ్మేయాలి. కాంట్రాక్టు ముగిసేవాళ్లను ముందు పంపాలి. 2023లో ఏంజెల్స్ జట్టు ఆ ఏడాదితో కాంట్రాక్టు ముగిసే స్టార్ ఒటానీని అట్టిపెట్టుకుని, కుర్ర ఆటగాళ్లను ఇచ్చి పిచర్ (బంతి విసిరేవాడు) జియోలిటోను తెచ్చింది. ఆగస్టు చివరికి జియోలిటోను వేవర్స్‌లో (వేరే జట్లు తీసుకోగల జాబితాలో) వదిలేసింది. డిసెంబరులో ఒటానీ డాడ్జర్స్‌కు వెళ్లాడు, ఏంజెల్స్‌కు దక్కిన ప్రతిఫలం ఒక్క డ్రాఫ్ట్ పిక్ (కొత్త ఆటగాడిని ఎంచుకునే అవకాశం). 2022లో వాషింగ్టన్ జట్టు మాత్రం స్టార్ బ్యాటర్ సోటో ఇంకా రెండేళ్లు తన చేతిలో ఉండగానే అమ్మి కుర్ర ఆటగాళ్లు ఏబ్రమ్స్, గోర్, వుడ్‌లను రాబట్టుకుంది.