నికాన్ డి3, డి5: మేనల్లుడికి ఒక ఉత్తరం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. నికాన్ డి3, డి5 కెమెరా బాడీలు రెండూ వాడినవి నీకు దొరుకుతున్నాయనీ, చేతిలో ఉన్న ఎఫ్ మౌంట్ (నికాన్ ఎస్ఎల్ఆర్‌లకు తగిలే) లెన్సులతోనే ఇండోర్ ఆటలూ రంగస్థల ప్రదర్శనలూ తీయాలనుకుంటున్నావనీ, రెంటిలో ఏది తీసుకోవాలో తేలడం లేదనీ రాశావు. రెంటి వివరాలనూ పక్కపక్కన పెట్టి తయారు చేసిన పట్టిక కూడా చూశాను. అందులో తప్పులేమీ లేవు. కాకపోతే అన్ని వరుసలకూ ఒకే విలువ ఇచ్చావు. ఫోటోగ్రఫీ మీద బతికేవాడికి ఆ వరుసల్లో సగానికి పైగా అక్కరకు రావు. రెండు మూడు మాత్రం పనిని నిలబెట్టేవో చెడగొట్టేవో అవుతాయి. వాటి గురించే ఎక్కువగా రాస్తాను.

ముందు రెంటి మధ్య ఉన్న దూరం చూడు. డి3ని 2007 ఆగస్టులో ప్రకటించారు. నికాన్ తెచ్చిన మొదటి ఫుల్‌ఫ్రేమ్ (35 ఎంఎం ఫిల్ము అంత సెన్సర్ ఉన్న) డిజిటల్ ఎస్ఎల్ఆర్ అదే. డి5 వచ్చింది 2016 జనవరిలో. మధ్యలో డి3ఎస్, డి4, డి4ఎస్ ఉన్నాయి కాబట్టి ఇది ఒక మెట్టు తేడా కాదు. అయినా చేతిలో పట్టుకుంటే రెండూ ఒకే ఇంటి పిల్లల్లా ఉంటాయి: రెంటికీ నిలువుగా పట్టుకునే గ్రిప్ బాడీలోనే కలిసి ఉంటుంది, రెంటిలోనూ పాత ఏఎఫ్ (ఆటోఫోకస్) లెన్సులను నడిపే మోటారు ఉంటుంది, రెంటికీ రెండేసి కార్డు స్లాట్లు ఉంటాయి, షట్టర్ వేగం రెంటిలోనూ 1/8000 సెకను దాకా పోతుంది. అందుకే పైకి చూసి తేడా తక్కువేనని అనుకోవడం సహజం.

అందరూ మొదట అడిగే మెగాపిక్సెళ్ల సంగతి తొందరగా ముగిస్తాను. డి3 ఫ్రేము 4256×2832, డి5 ఫ్రేము 5568×3712, అంటే 12.1కి ఎదురు 20.8 మెగాపిక్సెళ్లు. అంకె దాదాపు రెట్టింపులా కనిపించినా అడ్డంగా కొలిస్తే పెరిగింది మూడో వంతు కూడా కాదు. అంగుళానికి 300 చుక్కల లెక్కన డి3 బొమ్మ 36 సెంటీమీటర్ల వెడల్పున, డి5 బొమ్మ 47 సెంటీమీటర్ల వెడల్పున అచ్చవుతుంది. పత్రిక పేజీకైనా తెర మీద చూపడానికైనా డి3 ఇచ్చేది చాలు. అయితే కోర్టు అవతలి చివరన ఉన్న ఆటగాణ్ణి తీసి తర్వాత ఫ్రేమును కత్తిరించుకునే అలవాటు నీకుంది కాబట్టి, డి5లోని అదనపు పిక్సెళ్లు నీకు వృథా పోవు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఆటలూ నాట్యమూ తీసేవాడికి రెండు తరాల మధ్య తేడా కనిపించేది బొమ్మ నాణ్యతలో కన్నా ఫోకస్‌లో. డి3లో 51 ఫోకస్ బిందువులున్నాయి, కానీ వాటిలో క్రాస్ తరహావి 15 మాత్రమే, అవీ నడుమనున్న మూడు నిలువు వరుసల్లోనే. క్రాస్ బిందువు అడ్డగీతనూ నిలువుగీతనూ కూడా పట్టుకుంటుంది. మామూలు బిందువు ఒక దిశలో ఉన్న గీతలనే పట్టుకుంటుంది. మసక వెలుగులో, గీతలూ మడతలూ లేని ఒకే రంగు దుస్తుల మీద పక్క బిందువు పెడితే డి3 లెన్స్ ముందుకూ వెనక్కూ తడుముకోవడం నువ్వే చూస్తావు. దాన్ని నడిపిన పాతవాళ్లు అందుకే నడిమి బిందువులను నమ్ముకుని ఫ్రేములో మనిషిని మధ్యన ఉంచి తీసేవారు. ఆ పద్ధతి తప్పని అనను. దానితో మంచి బొమ్మలు లెక్కలేనన్ని వచ్చాయి. కానీ కూర్పు విషయంలో నీ చేయి ఆ మేరకు కట్టేసినట్టే.

డి5లో 153 బిందువులు, వాటిలో 99 క్రాస్ తరహావి. మనం స్వయంగా ఎంచుకోగలిగేవి 55. మిగిలినవి ఆ ఎంచుకున్న బిందువుకు ఆసరాగా పనిచేస్తాయి. నడిమి బిందువు మైనస్ 4 ఈవీ (ఈవీ వెలుగు కొలత, అంకె తగ్గేకొద్దీ చీకటి) దాకా ఫోకస్ పట్టగలదని నికాన్ చెబుతుంది. డి3కి ఆ హద్దు మైనస్ 1. మూడు స్టాపుల (ఒక్కో స్టాపుకూ వెలుగు సగమవుతుంది) ఈ తేడా రంగస్థలం మీద దీపాలు తగ్గించిన సన్నివేశంలో బొమ్మ వస్తుందా రాదా అన్నదాన్నే తేల్చేస్తుంది. ఫోకస్ లెక్కలు చూసుకోవడానికి డి5లో ప్రత్యేకంగా ఒక ప్రాసెసరు పెట్టారు. వెలుగు కొలిచే సెన్సర్ కూడా డి3లో 1,005 పిక్సెళ్లదైతే డి5లో 1,80,000 పిక్సెళ్లది. పట్టికలో నువ్వు ఈ వరుసను ఎక్స్‌పోజర్ కింద పెట్టి వదిలేశావు గానీ, ఆ సెన్సరే మనిషి ముఖాన్నీ దుస్తుల రంగునూ గుర్తుపట్టి, ఫ్రేములో అతడు ఎటు కదిలినా ఫోకస్‌ను వెంట నడిపిస్తుంది. రెండు బాడీల్లోనూ 3డి ట్రాకింగ్ అనే మాట ఉంటుంది. ఒకే రంగు చొక్కాలు వేసుకున్న ఆటగాళ్లు ఒకరి ముందు ఒకరు అడ్డం వచ్చినప్పుడు రెంటి పనితనంలో పోలికే ఉండదు.

నీ దగ్గరున్న టెలికన్వర్టర్ (లెన్స్‌కూ బాడీకీ మధ్య తగిలించి దూరాన్ని దగ్గర చేసేది) సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఎఫ్ అంకె పెరిగేకొద్దీ లోపలికి వచ్చే వెలుగు తగ్గుతుంది. ఎఫ్/4 లెన్స్‌కు 2ఎక్స్ తగిలిస్తే ఎఫ్/8 అవుతుంది. డి3 ఎఫ్/5.6 దాటితే ఫోకస్‌కు హామీ ఇవ్వదు. డి5లో 15 బిందువులు ఎఫ్/8 దగ్గర కూడా పనిచేస్తాయి, వాటిలో 9 మనం ఎంచుకోవచ్చు.

నువ్వు అసలు ప్రస్తావించనిది, నీ పనికి మాత్రం చాలా ముఖ్యమైనది మరొకటుంది. ఇండోర్ స్టేడియాల్లోని దీపాల్లో చాలా వాటి వెలుగు నిలకడగా ఉండదు; 50 హెర్ట్జ్ విద్యుత్తు మీద సెకనుకు 100 సార్లు పెరిగి తగ్గుతుంది. 1/1000 వేగంతో తీస్తే ఆ హెచ్చుతగ్గుల్లో ఒక చిన్న ముక్క మాత్రమే నీ ఫ్రేములో పడుతుంది. దాంతో ఒకే బర్స్ట్‌లో (ఆగకుండా వరుసగా తీసిన బొమ్మల్లో) ఒక బొమ్మ తెల్లగా, తర్వాతిది పసుపుగా, ఆ తర్వాతిది చీకటిగా వస్తుంది. డి3లో దీనికి మందు లేదు. తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుని ఒక్కొక్క ఫ్రేమునూ సరిచేసుకోవాల్సిందే. డి5కి 2016లోనే వచ్చిన ఫర్మ్‌వేర్ (కెమెరాను నడిపే సాఫ్ట్‌వేర్)తో ఫోటో మెనూలో ఫ్లికర్ తగ్గింపు చేరింది. అది వెలుగు శిఖరానికి చేరిన క్షణం చూసుకుని షట్టర్ తెరుస్తుంది. అందుకోసం కెమెరా క్షణకాలం ఆగుతుంది కాబట్టి బర్స్ట్ వేగం కొంత పడిపోవచ్చు. ఆ మేరకు నష్టం భరించవచ్చు. బాడీ చేతికి రాగానే ఫర్మ్‌వేర్ వెర్షన్ చూసుకో, పాతదైతే మార్చుకో.

వేగం విషయంలో డి3 సెకనుకు 9 ఫ్రేములు, డి5 12 ఫ్రేములు తీస్తాయి. ఈ మూడు ఫ్రేముల తేడాను నేను పెద్దగా లెక్కచేయను. స్మాష్ కొట్టే క్షణంలో షటిల్ రాకెట్‌ను తాకిన బొమ్మ కావాలంటే దాన్ని ఇచ్చేది నీ వేలి అంచనాయే గానీ ఆ మూడు ఫ్రేములు కాదు. లెక్కచేయాల్సింది బఫర్, అంటే బొమ్మలు కార్డుకెక్కే ముందు ఆగే తాత్కాలిక చోటు. డి3ని రా ఫైళ్లకు (సెన్సర్ ఇచ్చిన సమాచారాన్ని ఉన్నదున్నట్టు ఉంచే ఫైళ్లకు) పెట్టి షట్టర్ మీటను సగం నొక్కి పట్టుకుంటే, ఫ్రేముల లెక్క కనిపించే చోట ఆర్ అనే అక్షరం పక్కన ఒక అంకె వస్తుంది. బఫర్‌లో ఇంకా ఎన్ని ఫ్రేములు పడతాయో చెప్పే అంకె అది. 14 బిట్ రా పెట్టినప్పుడు ఇరవై లోపు కనిపిస్తే అది కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్న బాడీ; రెండు సెకన్లు మీట నొక్కి ఉంచితే నిండిపోతుంది. రుసుము తీసుకుని బఫర్ పెంచే సేవను నికాన్ అప్పట్లో అందించేది, అలా పెంచిన బాడీలో ఆ అంకె బాగా ఎక్కువగా ఉంటుంది. అమ్మేవారు ఏం చెప్పినా ఆ అంకె అబద్ధం చెప్పదు. డి5 మాత్రం ఎక్స్‌క్యూడీ అనే వేగవంతమైన మెమరీ కార్డుతో 200 రా ఫ్రేముల దాకా ఆగకుండా తీస్తుంది. నీ పనిలో దానికి అడ్డు తగిలే సందర్భం ఉండదు.

ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా ఎంత స్పందించాలో చెప్పే అంకె) గురించి పుట్టిన భ్రమలు ఎన్నో. డి3 సహజ పరిధి 200 నుంచి 6,400; డి5ది 100 నుంచి 1,02,400. ఆపైన డి5ని 32,80,000 దాకా పెంచవచ్చని కంపెనీ రాసింది. ఆ చివరి మెట్టు పేరు గొప్ప ఊరు దిబ్బ. అక్కడ వచ్చేది బొమ్మ కాదు, గరుకు. 6,400 దగ్గర రెండు ఫైళ్లనూ ఒకే కొలతకు తెచ్చి చూస్తే డి5 ఒక స్టాపు, దానికి కాస్త అటూ ఇటూ, మెరుగుగా ఉంటుందని నా అంచనా. నీడల్లో రంగు నిలవడం దాని అసలు బలం. అది చిన్న లాభం కాదు. అలాగని రాత్రిని పగలు చేసేదీ కాదు. మరో సంగతి గుర్తుంచుకో: 100 ఐఎస్ఓ దగ్గర నీడలను బాగా పైకి లాగితే డి5 గొప్పగా ఏమీ అనిపించదు, 2014లో వచ్చిన నికాన్ డి810 ఆ పనిలో దానికన్నా స్పష్టంగా ముందుంటుంది. ఆ సెన్సర్‌ను ఎక్కువ ఐఎస్ఓ కోసం మలిచారు. ప్రకృతి దృశ్యాలు నీ పని అయి ఉంటే ఈ రెండూ వద్దని రాసేవాణ్ణి.

వీడియో, తెర, నెట్‌వర్క్ గురించి ఒక్క మాట. డి3లో వీడియో అసలు లేదు. డి5లో 4కె ఉంది గానీ ఫ్రేము చుట్టూ కత్తిరించుకుంటుంది కాబట్టి, వెడల్పు లెన్సులు ఇరుకుగా కనిపిస్తాయి. డి5 వెనుక తెర పెద్దది, తాకితే పనిచేస్తుంది. ఫోకస్ కుదిరిందో లేదో దాని మీద నమ్మకంగా చూసుకోవచ్చు. ఆట జరుగుతుండగానే బొమ్మలు పంపాల్సి వస్తే డి5లో ఈథర్‌నెట్ పోర్టు బాడీలోనే ఉంటుంది.

కాబట్టి నా మాట డి5. అయినా నా మాట మీద కొనవద్దు. రెంటినీ ఒక పూట చేతిలోకి తీసుకుని నువ్వే పోల్చి చూడు. పోలిక పద్ధతిగా జరగాలంటే ఒకే లెన్స్‌ను రెంటికీ మార్చి తగిలించు. షట్టర్ వేగం, ఎపర్చర్, ఐఎస్ఓ చేత్తో ఒకేలా పెట్టు. వైట్ బ్యాలెన్స్‌ను ఆటోలో వదలకు. జేపెగ్‌లను పోల్చవద్దు, ఎందుకంటే అప్పుడు నువ్వు చూసేది సెన్సర్లను కాదు, రెండు కాలాల్లో రాసిన నాయిస్ తగ్గింపు లెక్కలను. రా ఫైళ్లను ఒకే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, డి5 బొమ్మను డి3 కొలతకు తగ్గించి, అప్పుడు పక్కపక్కన పెట్టు. వందశాతం పెద్దది చేసి చూస్తే ఎక్కువ పిక్సెళ్లున్న దానికి అన్యాయం జరుగుతుంది. ఫోకస్ పరీక్షకు ఎవరినైనా నీవైపు వేగంగా నడిచి రమ్మను; నిండా తెరిచిన ఎపర్చర్‌తో, పక్క బిందువు పెట్టి, వచ్చినంతసేపూ బర్స్ట్ తీసి, ఎన్ని ఫ్రేముల్లో కన్ను పదునుగా ఉందో లెక్కపెట్టు. నిలబడ్డ మనిషి మీదే ఫోకస్ ముందుకో వెనక్కో పోతుంటే బాడీని తప్పుపట్టే ముందు ఏఎఫ్ ఫైన్ ట్యూన్ (ఆ లెన్స్‌తో వచ్చే ఫోకస్ తేడాను సవరించే అమరిక) సరిచూడు. డి3లో అది చేత్తో చేయాలి, డి5 లైవ్ వ్యూలో (వెనుక తెర మీద చూస్తూ తీసే పద్ధతిలో) తానే కొలుచుకోగలదు.

వాడిన బాడీ కాబట్టి ఒంటి మీద చూడాల్సినవి ఉన్నాయి. షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో ఫైలులోని ఎగ్జిఫ్ సమాచారంలో దొరుకుతుంది. నికాన్ డి3 షట్టర్‌ను 3,00,000 సార్లకు, డి5 షట్టర్‌ను 4,00,000 సార్లకు పరీక్షించింది. అది చావు తేదీ కాదు గానీ, ఆ అంకెకు దగ్గరగా వచ్చిన బాడీకి షట్టర్ మార్పించే ఖర్చును కూడా ధరలో కలిపి చూడు. ఎఫ్/16 పెట్టి, ఫోకస్ చెడగొట్టి, తెల్లగోడను తీసి చూస్తే సెన్సర్ మీది దుమ్ము చుక్కలుగా బయటపడుతుంది. డి3కి తనంతట తాను సెన్సర్‌ను దులుపుకునే ఏర్పాటు లేదు కాబట్టి చుక్కలుంటే భయపడకు, తుడిస్తే పోతాయి. శుభ్రం చేసినా కదలని గీత ఉంటే మాత్రం బేరం వదిలేయి. కాంపాక్ట్ ఫ్లాష్ స్లాట్‌లోకి టార్చి వేసి చూడు: సన్నని సూదుల్లాంటి పిన్నులు వరుసగా నిటారుగా ఉండాలి. ఒక్కటి వంగినా కార్డు తోసిన ప్రతిసారీ అది మరింత వంగి, చివరికి స్లాటే పోతుంది. బొటనవేలు ఆనే చోట రబ్బరు ఉబ్బి ఊడివస్తుంటే అది మామూలే, అతికించవచ్చు.

డి5ని రెండు రకాలుగా అమ్మారు: ఒకటి రెండు కాంపాక్ట్ ఫ్లాష్ స్లాట్లతో, ఒకటి రెండు ఎక్స్‌క్యూడీ స్లాట్లతో. నీకు చూపుతున్నది ఏదో అడిగి తెలుసుకో. ఎక్స్‌క్యూడీ రకమైతే తర్వాతి ఫర్మ్‌వేర్‌తో సీఎఫ్‌ఎక్స్‌ప్రెస్ టైప్ బి కార్డులు కూడా పనిచేస్తాయి కాబట్టి ముందుముందు కార్డులకు ఇబ్బంది ఉండదు. రెండూ ఒకే ధరకు దొరికితే ఎక్స్‌క్యూడీనే తీసుకో.

డి3 బ్యాటరీ ఇఎన్-ఇఎల్4ఎ, డి5ది ఇఎన్-ఇఎల్18ఎ. ఒకదాని ఛార్జర్ నేరుగా రెండోదానికి పనికిరాదు. రెండూ ఒక ఛార్జింగ్‌తో వేల బొమ్మలు తీసేవే, పైగా ఇందులో డి3దే కాస్త పైచేయి. మెనూలో బ్యాటరీ సమాచారం తెరిస్తే బ్యాటరీ వయసు 0 నుంచి 4 వరకు చూపుతుంది. 0 కొత్తది, 4 మార్చాల్సినది. ఛార్జర్ లేకుండా బాడీ ఒక్కటే ఇస్తామంటే, ఆ ఛార్జర్ విడిగా ఎంతకు దొరుకుతుందో తెలుసుకున్నాకే ధర మాట్లాడు.

పరీక్షకు తీసిన రా ఫైళ్లు, ముఖ్యంగా నడకతో తీసిన బర్స్ట్‌లు, రెండు బాడీలవీ నాకు పంపు. చూసి రాస్తాను.

ఆశీస్సులతో,
మామయ్య