ఎనిమిది వోల్టులే నిజమైతే అది ఆన్ అయ్యేదే కాదు

ప్రశ్న: నా డెస్క్‌టాప్ కొని ఐదేళ్లయింది. వీడియో ఎడిటింగ్ అయ్యాక ఎక్స్‌పోర్ట్ పెడితే పది పన్నెండు నిమిషాలకు టక్కున ఆగిపోయి, తనే మళ్లీ ఆన్ అవుతోంది. నీలం తెర కూడా రాదు. ఇది కాక, మామూలుగా ఏదో చదువుకుంటున్నప్పుడు కూడా అప్పుడప్పుడు అర నిమిషం హ్యాంగ్ అయి మళ్లీ కదులుతోంది. వేడి, వోల్టేజీ అంకెలు చూపించే హెచ్‌డబ్ల్యూమానిటర్ ప్రోగ్రామ్‌లో చూస్తే సీపీయూ 84 డిగ్రీలు, 12 వోల్టుల లైను 7.97 వోల్టులు, ఆక్స్‌టిన్ అనే వరుసలో 127 డిగ్రీలు, ఒక ఫ్యాన్ 0 అని ఉన్నాయి. ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే డబ్బా) పోయిందని స్నేహితుడు అంటున్నాడు. మదర్‌బోర్డు కాలిపోతోందేమోనని నాకు టెన్షన్‌గా ఉంది. దేన్ని మార్చాలి?

జవాబు: ఇప్పుడే ఏదీ మార్చకండి. మిమ్మల్ని భయపెట్టిన నాలుగు అంకెల్లో మూడింటిని పక్కన పెట్టేయవచ్చు.

12 వోల్టుల లైనుకు ఐదు శాతం అటూ ఇటూ, అంటే 11.4 నుంచి 12.6 దాకా తేడా ఉండొచ్చు. అది నిజంగానే ఎనిమిదికి పడిపోతే మీరు ఆ రీడింగ్ చూసే దాకా కంప్యూటర్ నడవదు. బోర్డు మీది చిప్ అంత వోల్టేజీని నేరుగా కొలవదు. రెసిస్టర్లతో తగ్గించి కొలుస్తుంది. ఎన్ని రెట్లు తగ్గిందో ప్రోగ్రామ్ లెక్కగట్టి మనకు చూపిస్తుంది. మీ బోర్డు లెక్క దానికి తెలియకపోతే తప్పు అంకె వస్తుంది. బయోస్‌లోకి (విండోస్ కన్నా ముందే వచ్చే బోర్డు సెట్టింగుల తెరలోకి) వెళ్లి అక్కడ ఎంత చూపిస్తోందో చూడండి, బోర్డు తయారుచేసినవాళ్లకు ఆ లెక్క తెలుసు. ఇంకా అనుమానం ఉంటే మల్టీమీటర్ వాడడం వచ్చినవాళ్లతో నాలుగు పిన్నుల కనెక్టర్‌లో పసుపు, నలుపు వైర్ల మధ్య కొలిపించండి. ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం విప్పనివ్వకండి. ప్లగ్ తీసేసినా లోపల కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది.

127 డిగ్రీలు కూడా అంతే. ఆ చోట సెన్సర్ తగిలించి లేకపోతే చిప్ తను చెప్పగలిగిన పెద్ద అంకెను చెప్పేస్తుంది. ఫ్యాన్ 0 అన్నచోట బహుశా బోర్డు మీద ఫ్యాన్ పెట్టని పిన్నులు ఉంటాయి. అయితే సీపీయూ ఫ్యాన్ తిరుగుతోందో లేదో కళ్లతో చూసి ఖాయం చేసుకోండి.

ఈ వోల్టేజీ సంగతి ఇంత పట్టుదలగా చెప్పడానికి కారణం ఉంది. నా సొంత కంప్యూటర్ ఇలాగే ఆగిపోతుంటే, తక్కువగా కనబడుతున్న 12 వోల్టుల అంకెను నమ్మి ఎస్‌ఎంపీఎస్ మార్చాను. కొత్తదానితోనూ అదే అంకె, అవే క్రాష్‌లు. చివరికి దోషం ఒక ర్యామ్ స్టిక్‌లో దొరికింది. ఖర్చయిన డబ్బు కన్నా, ఆ వారమంతా పాడైన ర్యామ్ మీదే పనిచేస్తూ ఫైళ్లను పాడుచేసుకున్నందుకు ఎక్కువ బాధపడ్డాను.

ఇక మిగిలింది 84. అది ఎప్పటి అంకె? ఖాళీగా ఉన్నప్పటిదైతే హీట్‌సింక్ (సీపీయూ వేడిని లాగే లోహపు దిమ్మ) వదులైనట్టు, లేదా దుమ్ముతో మూసుకుపోయినట్టు అనుకోవాలి. ఎక్స్‌పోర్ట్ మధ్యలోదైతే కంగారు లేదు. చాలా ప్రాసెసర్ల హద్దు 95, 100 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఆ హద్దు తగిలినా ముందు వేగం తగ్గించుకుంటాయి, అప్పటికీ వేడి ఆగకపోతేనే ఆఫ్ అవుతాయి.

అందుకే ఆగిపోయే క్షణానికి ముందు ఏం జరిగిందో చూడాలి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే అలాంటి మరో ప్రోగ్రామ్‌లో సెన్సర్ల కిటికీ తెరిచి లాగింగ్ (అంకెలను ఫైల్‌లో రాసుకోవడం) మొదలుపెట్టండి. హెచ్‌డబ్ల్యూమానిటర్‌ను మూసేయండి, రెండు ప్రోగ్రాములూ ఒకే చిప్‌ను అడిగితే పిచ్చి అంకెలు వస్తాయి. ఎక్స్‌పోర్ట్ పెట్టి, అది ఆగిపోయాక లాగ్ ఫైల్ చివరి వరుసలు చదవండి. చిట్టచివరివి ఒకటి రెండు డిస్క్‌లోకి ఎక్కకపోవచ్చు, ఫర్వాలేదు. ఉష్ణోగ్రత పెరుగుతూ పోయి, సీపీయూ వేగం (గిగాహెర్ట్జ్) పడిపోతూ వచ్చి ఆగిందా? అది సీపీయూ వేడి. సీపీయూకూ హీట్‌సింక్‌కూ మధ్య రాసే థర్మల్ పేస్ట్ కొత్తది వేయడంతో, శుభ్రం చేయడంతో తీరొచ్చు. అన్నీ ప్రశాంతంగా ఉండగా వరుస తెగిపోయిందా? అదీ మంచి సమాచారమే. సీపీయూ వేడి మీద అనుమానం పోయింది. కరెంటు సరఫరా, ర్యామ్, సెన్సర్ లేని చోటి వేడి మిగులుతాయి. రెండు సెకన్లకోసారి చూసే ప్రోగ్రామ్‌కు రెప్పపాటులో పడి లేచే వోల్టేజీ దొరకదు.

సెన్సర్ లేని చోటు అన్నాను కదా. సీపీయూకు కరెంటు అందించే భాగాలకు చాలా బోర్డుల్లో సెన్సర్ ఉండదు, ఎస్‌ఎంపీఎస్ లోపల ఎంత వేడి ఉందో మామూలుగా ఏ ప్రోగ్రామూ చూపించదు. కేసు పక్క రేకు తీసి, టేబుల్ ఫ్యాన్ ఎదురుగా పెట్టి మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేయండి. పన్నెండు నిమిషాలకు ఆగేది నలభై నిమిషాలు నడిస్తే, ఎక్కడో వేడెక్కుతున్నట్టే. తేడా రాకపోతే ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రామ్‌ను రాత్రంతా నడిపించండి. ఒక్క ఎర్రర్ వచ్చినా చాలు, ర్యామ్ స్టిక్‌లను ఒక్కొక్కటిగా పెట్టి చూడాలి. అదీ శుభ్రంగా వస్తే అప్పుడు మీ స్నేహితుడి మాట విని, మరో ఎస్‌ఎంపీఎస్ అరువు తెచ్చి పరీక్షించండి.

విండోస్ తన ఘటనలను రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్-పవర్ 41 అనే ఎర్రర్ కనబడుతుంది. కంప్యూటర్ సరిగా షట్‌డౌన్ కాలేదన్న కబురు మాత్రమే అది, కారణం చెప్పదు. దాని చుట్టుపక్కల వీయా-లాగర్ ఎర్రర్లు ఉంటే మాత్రం రాసి పెట్టుకోండి, హార్డ్‌వేరే ఫిర్యాదు చేస్తోందని అర్థం.

అర నిమిషం హ్యాంగ్ వేరే జబ్బు అనిపిస్తోంది. అప్పుడు క్యాప్స్‌లాక్ నొక్కి చూడండి. కీబోర్డు లైటు మారుతూ, మౌస్ కదులుతూ ప్రోగ్రాములు మాత్రమే బిగుసుకుపోతే నా అనుమానం డిస్క్ మీదే. డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో కరెంట్ పెండింగ్ సెక్టార్ల (డిస్క్ సరిగా చదవలేకపోతున్న చోట్ల) సంఖ్య సున్నా దాటిందేమో చూడండి. సీఆర్‌సీ ఎర్రర్ల (డేటా కేబుల్ దాటేటప్పుడు వచ్చే తప్పుల) సంఖ్య రోజురోజుకూ పెరుగుతుంటే ముందు డిస్క్‌ను బోర్డుకు కలిపే శాటా కేబుల్ మార్చి చూడండి. పెండింగ్ సెక్టార్లు ఉంటే పైన చెప్పిన పరీక్షలన్నీ ఆపి, ముందు మీ వీడియోలు వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. గంట సేపు ఎక్స్‌పోర్ట్‌తో ఆ డిస్క్‌ను ఇంకా శ్రమపెట్టవద్దు.