ఇన్ఫెక్షన్ రాని యూరిన్ క్యాథెటర్ తయారు చేయడం సాధ్యమేనా?

ఇన్ఫెక్షన్ అసలే రానివ్వని క్యాథెటర్ (మూత్రం బయటికి రావడానికి మూత్రాశయంలోకి వేసే గొట్టం) ఇప్పటికైతే లేదు. బ్యాక్టీరియా చేరడాన్ని ఆలస్యం చేసే డిజైన్లు మాత్రం ఉన్నాయి.

చిక్కంతా బయోఫిల్మ్‌తోనే, అంటే బ్యాక్టీరియా కట్టుకునే జిగురు పొరతో. గొట్టం వేసిన కాసేపటికే మూత్రంలోని ప్రోటీన్లు, లవణాలు దాని గోడకు పొరలా అంటుకుంటాయి. బ్యాక్టీరియా ఆ పొర మీద చేరి, చుట్టూ జిగురు అల్లుకుని, దాని చాటున పెరుగుతుంది. యాంటీబయాటిక్ అక్కడికి సరిగ్గా చేరదు. వెండి పూత వేసినా అంతే, ఈ పొర కప్పేశాక దాని పని తగ్గిపోతుంది. ప్రోటియస్ మిరాబిలిస్ అనే రకం మరీ మొండిది: యూరియాను విడగొట్టి అమ్మోనియా పుట్టిస్తుంది, దాంతో స్ఫటికాలు పేరుకుని గొట్టమే మూసుకుపోతుంది.

అందుకే కొందరు మందు వదిలేసి ఆకారం మీద పడ్డారు. మూత్రం కిందికి పారుతున్నా, గోడ పక్కన వేగం తక్కువ కాబట్టి బ్యాక్టీరియా అక్కడే ఎదురీదుతూ మూత్రాశయం వైపు ఎక్కుతుంది. 2024లో అమెరికాలోని కాల్‌టెక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు లోపలి గోడకు చిన్న త్రిభుజాకారపు పళ్లు పెట్టారు. వాటి కొనల దగ్గర ధార సుడి తిరిగి ఎదురెక్కేవాటిని వెనక్కి తోస్తుంది. ల్యాబ్‌లో ఎదురెక్కే బ్యాక్టీరియా సుమారు 100 రెట్లు తగ్గింది. మంచి ఆలోచనే, కానీ గొట్టం బయటి వైపు నుంచి పాకే బ్యాక్టీరియాకు ఇది అడ్డు కాదు.

పూత ఉన్న గొట్టమైతే ఎన్నాళ్లైనా ఉంచొచ్చని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. గొట్టం ఉన్న ప్రతి రోజూ మూత్రంలో బ్యాక్టీరియా చేరే అవకాశం 3 నుంచి 7 శాతం వరకు ఉంటుంది కాబట్టి, అవసరం తీరగానే తీసేయడమే ఏ పూతకన్నా బాగా పనిచేస్తుంది.